చేత్తో తిప్పిన నట్టు

ఆగస్టు 9, శనివారం

బావ బండి. వెనక టైరు, ట్యూబు కొత్తవి. బ్రేకు డ్రమ్ము తుడిచాను, బ్రేకు లైనర్లకి ఇసక కాగితం పట్టించాను, చైను సరిచేశాను. పదకొండింటికి అయింది.

పోస్టుమ్యాన్ స్కూటరు కార్బరేటరు సోమవారానికి. ఆయన తొందర చూస్తే ఊళ్లో ఉత్తరాలన్నీ నా షెడ్డులోనే ఆగిపోయినట్టుంటుంది.

ఆగస్టు 14

అక్క పోయింది. శనివారం సాయంత్రం, ఐదు దాటాక.

ఇవాళ ఇంతకంటే రాయలేను.

ఆగస్టు 16

ఈ డైరీ ఆయిల్ కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చింది. ఇందులో బండ్ల సంగతి తప్ప ఇంకో మాట రాసిన పాపాన పోలేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరితో నోరు విప్పినా ఏడుపులోకే దిగుతోంది. కాగితమైతే తిరిగి ఏడవదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. శనివారం అక్కా బావా పాపా పొద్దున్నే వచ్చారు. నేను టైరు మార్చాను. అందరం ఇక్కడే భోంచేశాం. మధ్యాహ్నం బావ అదే బండి మీద బజారుకి రెండుసార్లు వెళ్లొచ్చాడు. పాప నిద్రపోయింది. లేపితే ఏడుస్తుందని, రేపు తీసుకెళ్తామని ఇద్దరే బయల్దేరారు. వంతెన దిగాక కుక్క అడ్డమొచ్చింది. బావ బ్రేకు తొక్కాడు. బండి అడ్డం తిరిగి పడింది. బావకి మోచేయి చెక్కుకుపోయింది. అక్క తల రోడ్డంచు రాయికి తగిలింది.

హాస్పిటల్‌కి నేనూ అమ్మా వెళ్లేసరికే అంతా అయిపోయింది. బావ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా రక్తం, ఆయనది కాదు. నన్ను చూడగానే లేచి, మెకానిక్కుని కదా, అందుకే అనుకుంటాను, నాకే చెప్పాడు.

"తొక్కానంతే బామ్మర్దీ. వెనక చక్రం రాయిలాగా పట్టేసింది."

ఆ మాట పూర్తి కాకుండానే నేను ఆయన కాలరు పట్టుకున్నాను. "నిన్నెవడు అంత స్పీడుగా తోలమన్నాడు?" అని అరిచాను. వరండా అంతా విన్నది. అమ్మ కూడా విన్నది.

దుఃఖంలో మనిషి ఏదో ఒకటి అంటాడు. అవన్నీ పట్టించుకుంటే ఎలా.

ఆగస్టు 19

షెడ్డు తీశాను. పోస్టుమ్యాన్ వచ్చి స్కూటరు గురించి అడగకుండా ఊరికే కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆయన నిలబడగలడని ఈ రోజే తెలిసింది.

పని చేస్తుంటే బుర్రలో ఆ చక్రమే బిగిస్తున్నాను. ఒకసారి వరసగా రాసుకుంటే వదులుతుందేమో.

బ్రేకు ప్లేటు డ్రమ్ములో కూర్చోబెట్టాను. చక్రం రెండు ఫోర్కుల మధ్యకి ఎత్తి, చైను చక్రం రబ్బర్లలోకి నెట్టాను. ఎడమ పక్క బుష్షు పెట్టాను. యాక్సిల్‌కి గ్రీజు రాసి దూర్చాను. దాని నట్టు చేత్తో తిప్పి వదిలాను, చైను సరిచేశాక కదా గట్టిగా బిగించేది. తర్వాత టార్క్ రాడ్డు. బ్రేకు ప్లేటుని వెనక ఫోర్కుకి కట్టి ఉంచే జానెడు కమ్మీ అది. బ్రేకు తొక్కినప్పుడు ప్లేటు కూడా చక్రంతో పాటు తిరిగిపోకుండా పట్టుకునేది అదొక్కటే. దాన్ని బోల్టుకి తొడిగి, వాషరు, నట్టు, స్పానరుతో బిగించి, నట్టు ఊడకుండా బోల్టు చిల్లులోకి పిన్ను దూర్చి రెండు కాళ్లూ విడదీయాలి. తర్వాత బ్రేకు రాడ్డు, స్ప్రింగు, దాని నట్టు. చైను రెండు వేళ్ల వదులు. చివరికి యాక్సిల్ నట్టు. చక్రం తిప్పి, పెడలు నొక్కి చూశాను. ఆగింది. వదిలాను. తిరిగింది.

మధ్యలో టీ తాగాను. అంతే.

పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పని. నేను చేసింది నాకు తెలియదా? పైగా మధ్యాహ్నమంతా బావ తిరిగాడు, ఏమీ కాలేదు. వంతెన దగ్గర రోడ్డు మీద ఇసక ఉందట. ఇసక మీద ఎవరి చక్రమైనా జారుతుంది.

ఆగస్టు 24, ఆదివారం

బావ వచ్చాడు, నాలుగు కిలోమీటర్లు నడిచి. పాపని తీసుకెళ్దామని.

అమ్మ గేటు దగ్గరే ఆపేసింది. కుట్టు మిషను ముందు నుంచి లేచిన మనిషి లేచినట్టే, మెడలో టేపు వేలాడుతూ వెళ్లింది. పక్కింటివాళ్లు వింటారన్న జంకు కూడా లేదు.

"నా కూతుర్ని అప్పజెప్తే ఏం చేశావో చూశాం. దాని కూతుర్ని కూడా నీకు అప్పజెప్పాలా? నా గడప తొక్కడానికి వీల్లేదు."

బావ లైబ్రరీలో పాత పుస్తకాలకి బైండింగు చేస్తాడు. గొంతు పెంచి మాట్లాడే ఉద్యోగం కాదు, గొంతు పెంచే మనిషీ కాదు. "మీరన్నది నిజమే అత్తయ్యా. స్పీడుగానే తోలినట్టున్నాను. ఒక్కసారి చూసి వెళ్తాను," అన్నాడు.

స్పీడుగా తోలినట్టున్నానట. ఆ మాట నేను పెట్టింది. హాస్పిటల్లో కాలరు పట్టుకుని మరీ ఆయన నోట్లో పెట్టాను. ఇప్పుడు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆయనే చెప్పుకుంటున్నాడు.

పాప కిటికీలోంచి చూసి పరుగెత్తింది. నిన్న దాని ముందు పన్ను ఊడింది. గేటు కమ్మీల మధ్య మొహం పెట్టి నోరు తెరిచి చూపించింది. బావ వంగి చాలాసేపు చూశాడు, అదేదో చదవాల్సిన పేజీ అన్నట్టు.

నేను గేటు పక్కన షెడ్డులోనే ఉన్నాను. చేతులకి మసి ఉంది.

ఆగస్టు 30

పోలీసులు బండి వదిలేశారు. పరీక్ష చేసినాయన, వెనక బ్రేకు కమ్మీలు పడటం వల్ల వంగినవని రాసి సంతకం పెట్టాడట. బావకి దాన్ని ఇంట్లో పెట్టుకునే ధైర్యం లేక ట్రాలీలో నా షెడ్డుకి పంపాడు. మూలకి నెట్టి టార్పాలిన్ పట్టా కప్పాను.

సెప్టెంబరు 2

పట్టా తీయలేదు. పని ఎక్కువగా ఉంది.

సెప్టెంబరు 5

పని లేదు. తీయలేదు.

సెప్టెంబరు 9

ఒకాయన ఆ మూలనున్న బండి అమ్ముతారా అని అడిగాడు. నేను ఎందుకంత కసిరానో తెలియదు. పాపం, ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

సెప్టెంబరు 14, ఆదివారం

బావ ప్రతి ఆదివారం వస్తున్నాడు. పది నిమిషాలు గేటు బయట. అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా. పాప లోపలి నుంచి చేయి పెడుతుంది, బావ బయటి నుంచి పట్టుకుంటాడు. ఇవాళ బడిలో నేర్పిన పద్యం అప్పజెప్పింది. మధ్యలో మరిచిపోతే బావ అందించాడు.

ఆయన వెళ్లాక పాప నా దగ్గరికొచ్చింది.

"మావయ్యా, నాన్న మంచివాడు కాదా?"

"ఎవరన్నారు?"

"అమ్మమ్మ."

"అమ్మమ్మకి కోపమొచ్చింది. అంతే."

"నీక్కూడా వచ్చిందా?"

రాలేదని చెప్పాను. మరి గేటు తీయవచ్చు కదా అంది. ఆరేళ్ల పిల్ల. లాయరులా అడుగుతుంది, అచ్చం వాళ్లమ్మే.

సెప్టెంబరు 18

బావ షెడ్డుకి వచ్చాడు. అమ్మ లేని సమయం చూసుకుని వచ్చాడు. స్టూలు చూపిస్తే కూర్చోలేదు. మనిషి సగమైపోయాడు. ఇదివరకైతే ఇద్దరం ఎదురుపడితే చాలు, ఒకరినొకరు ఏడిపించుకోవడమే. నా గడ్డం చూసి "పిల్లనిచ్చేవాడు భయపడి పారిపోతాడ్రా" అనేవాడు. ఇవాళ నా గడ్డం నిజంగానే భయపెట్టేలా ఉంది. ఏమీ అనలేదు.

"బామ్మర్దీ, బండి బాగుచేసి పెడతావా? నడుస్తుంటే ఆలస్యమైపోతోంది. ఎండ ఎక్కాక పాపని గేటు దగ్గర నిలబెట్టడం బాగాలేదు."

"వేరేది చూసుకోరాదూ? ఈ బండి ఎందుకు?"

"ఇది ఎక్కితేనే నాకు శిక్ష," అన్నాడు. మళ్లీ, "నువ్వు బిగిస్తే నాకు ధైర్యం," అన్నాడు.

సరే అన్నాను. ఇంకేమనగలను?

సెప్టెంబరు 20

పట్టా తీశాను.

బ్రేకు రాడ్డు వంకర తిరిగి చక్రానికి చుట్టుకుంది. ప్లేటు ముప్పావు చుట్టు తిరిగిపోయి ఉంది. టార్క్ రాడ్డు ఒక కొస ఫోర్కుకే ఉంది, రెండో కొస గాల్లో వేలాడుతోంది. ప్లేటు మీది బోల్టుకి నట్టు లేదు.

నట్టు తెగిపోయిందేమోనని బోల్టు మీది మరలు చూశాను. ఒక్క మర కూడా చెడలేదు. తెగిన నట్టు మరల్ని నమిలేసి పోతుంది. ఇది దానంతటది తిరుక్కుంటూ ఊడిపోయింది. పిన్ను విరిగి ఉంటే చిల్లులో ముక్క మిగలాలి. గుడ్డతో తుడిచి కన్ను దగ్గరగా పెట్టి చూశాను. ఆ చిల్లులోంచి ఎదురుగోడ సున్నం కనిపించింది.

పిన్ను పెట్టలేదు. స్పానరు వేయలేదు.

ఎలా జరిగిందో కూడా నాకు తెలుసు. నాకు పని నేర్పిన మేస్త్రి మొదటి రోజే చెప్పిన మాట: విప్పిన నట్టు విప్పిన బోల్టుకే తొడుగు, కింద పెడితే కాకెత్తుకుపోతుంది. పద్దెనిమిదేళ్లలో ఒక్క నట్టు పారేసుకోలేదు నేను. నా షెడ్డులో నేల మీద నట్టు కనపడదని మిగతా మెకానిక్కులు నవ్వేవాళ్లు. ఆ రోజూ టార్క్ రాడ్డు తొడిగి, వాషరు వేసి, నట్టు చేత్తో రెండు చుట్లు తిప్పాను. అక్క టీ తెచ్చింది. తాగాను. తిరిగొచ్చి చూస్తే నట్టు బోల్టు మీద బుద్ధిగా కూర్చుని ఉంది. అయిందనుకుని బ్రేకు రాడ్డు అందుకున్నాను. నేల మీద పడేసే సోమరిపోతునైతే మిగిలిపోయిన నట్టు కాలికి తగిలేది, గుర్తొచ్చేది. చేత్తో తిప్పిన నట్టు పెడలు నొక్కి చూస్తే బయటపడదు. బజారుకి రెండుసార్లు తిరిగినా బయటపడదు. తిరిగి తిరిగి ఊడాక, గట్టిగా తొక్కినప్పుడు బయటపడుతుంది.

వెనక చక్రం రాయిలాగా పట్టేసింది అని బావ అన్నాడు. ఇసక మీద జారిన చక్రాన్ని ఎవరూ అలా చెప్పరు.

సెప్టెంబరు 21, ఆదివారం

పొద్దున్నే మొదలుపెట్టాను. కొత్త బ్రేకు రాడ్డు, కొత్త లైనర్లు. వంకరపోయిన ఫుట్‌రెస్టు కొట్టి సరిచేశాను. టార్క్ రాడ్డు దగ్గరికొచ్చేసరికి వాషరు మూడుసార్లు జారిపోయింది. నట్టు బిగించాను. పిన్ను దూర్చి కాళ్లు విడదీశాను. యాక్సిల్ బిగించాక మళ్లీ వచ్చి ఆ నట్టుకి స్పానరు వేశాను. బ్రేకు సరిచేశాక మళ్లీ వేశాను. మొత్తం ఎన్నిసార్లో లెక్క లేదు.

టీ కొట్టతను గ్లాసు కోసం వచ్చి నిలబడి చూశాడు. "బావమరిది బావ బతుకు కోరతాడని పెద్దలు ఊరికే అనలేదు. అంత జరిగినా మీ బావ బండికి ఎంత శ్రద్ధగా చేస్తున్నావయ్యా," అన్నాడు.

గ్లాసు ఇచ్చేశాను.

తొమ్మిదింటికి బావ వచ్చాడు. చెప్పాలనుకున్నాను. బండి చూపించి చెప్పాలని, మాటలు కూడా కూర్చుకున్నాను. ఆయన వెనక చక్రం వైపు చూడకుండా తాళం తీసుకుని, నా భుజం మీద చేయి వేసి, "నువ్వు ఉన్నావు కాబట్టి," అని ఆగిపోయాడు. ఆ చేయి తీసేదాకా నేను ఊపిరి కూడా తీసుకోలేదు. తీశాక ఆయన గేటు వైపు వెళ్లిపోయాడు.

వచ్చేవారం చెబుతాను.

సెప్టెంబరు 28, ఆదివారం

బావ బండి మీద వచ్చాడు. పిల్లలు సైకిల్ మీద దాటిపోయే వేగం. మలుపు తిరిగేటప్పుడు రెండు కాళ్లూ నేలకి ఆనిస్తున్నాడు.

అమ్మ అంది, "ఈ బుద్ధి అప్పుడుంటే."

చెప్పలేదు.

అక్టోబరు 4

అమ్మకి చెప్పాను.

పాప స్కూలు గౌను పొట్టిదైపోయిందని అంచు విప్పి మళ్లీ కుడుతోంది. పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాను. నట్టు, పిన్ను, టీ, హాస్పిటల్లో నేను అరిచింది, అన్నీ. నేను చెబుతున్నంతసేపూ మిషను ఆడుతూనే ఉంది. అంచు చివరిదాకా కుట్టింది. దారం పళ్లతో తెంపింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

"అమ్మా, అతని తప్పేమీ లేదు. నువ్వు గేటు దగ్గర అన్న మాటలన్నీ నన్ను అనాల్సినవి."

"ఒకదాన్ని పోగొట్టుకున్నాన్రా. మిగిలింది నువ్వూ ఈ పిల్లా. చెప్తే మీరిద్దరూ నాకు మిగలరు. పిల్లని వాడు తీసుకుపోతాడు. నిన్ను నేను ఏ మొహంతో చూడను? అతనికంటావా, అతనికి ఇప్పుడు కొత్తగా పోయేదేముంది?"

తర్వాత నా తల నిమిరింది. అక్క పోయాక అమ్మ నన్ను ముట్టుకోవడం ఇదే మొదలు.

నాకు హాయిగా అనిపించింది. ఈ ముక్క రాయకపోతే ఈ డైరీ అంతా అబద్ధమే అవుతుంది. ఎవరో ఒక పెద్దమనిషి తీర్పు చెప్పేసినట్టు, ఇక నేను చేయాల్సిందేమీ లేదన్నట్టు హాయిగా అనిపించింది.

అక్టోబరు 5, ఆదివారం

ఆ హాయి ఒక్క పూట ఉంది.

బావ గేటు దగ్గర నుంచి నేరుగా షెడ్డులోకి వచ్చాడు. లైబ్రరీ వాళ్లని బదిలీ అడిగాడట. దూరంగా, రైల్లో రెండు రోజుల ప్రయాణం. వచ్చే ఆదివారం పాపని ఆఖరిసారి చూసుకుని వెళ్లిపోతాడట.

"పాప?" అన్నాను.

"అత్తయ్య దగ్గరే ఉంటుంది. కాగితం మీద రాసిచ్చేస్తాను. ఆవిడ చెప్పిందే నిజం బామ్మర్దీ. వెనక కూర్చున్న మనిషిని కాపాడుకోలేనివాడు పిల్లని ఏం పెంచుతాడు? మొన్న రోడ్డు దాటేటప్పుడు పాప నా చేయి పట్టుకున్నట్టు అనిపించి ఒళ్లంతా చెమట పట్టేసింది. పాప లేదు అక్కడ. అయినా పట్టేసింది."

ఆయన వెళ్లిపోయాక నేను స్పానర్లన్నీ తీసి కిరోసిన్‌తో కడిగాను. అవి శుభ్రంగానే ఉన్నాయి.

అక్టోబరు 7

అమ్మ నాకిష్టమైనవన్నీ వండింది. నోట్లో పెట్టుకుంటే దిగలేదు.

అక్టోబరు 8

పాప అడిగింది, రైలు రెండు రోజులు పోతే మళ్లీ వెనక్కి రావడానికి ఎన్ని రోజులని. దానికెవరు చెప్పారో. రెండే రోజులు అన్నాను. అయితే దగ్గరే అంది.

అక్టోబరు 11

రేపు ఆదివారం.

చెబితే అమ్మ అన్నట్టే జరుగుతుంది. పాప వెళ్లిపోతుంది. అమ్మకి పొద్దున లేస్తే జడ వేయడానికి తల ఉండదు, నాకు షెడ్డులో ప్రశ్నలు వేసే మనిషి ఉండదు. బావ నన్ను కొట్టొచ్చు, పోలీసులకి చెప్పొచ్చు. చెప్పనీ. నా షెడ్డుకి ఇక బండి ఎవడు తెస్తాడు? తేకపోనీ.

చెప్పకపోతే పాప తన తండ్రి చెడ్డవాడనుకుంటూ పెరుగుతుంది. ఆ తండ్రి ఎక్కడో తనని తాను రోజూ చంపుకుంటూ ఉంటాడు. నేను ఇక్కడ మంచి మావయ్యనై పెన్సిళ్లు కొనిస్తుంటాను.

అక్క బతికుంటే ఒక్క లెంపకాయతో తేల్చేసేది ఈ విషయం.

అక్టోబరు 12, ఆదివారం

తొమ్మిదింటికి వచ్చాడు. చేతిలో కవరు, అందులో పాపని రాసిచ్చే కాగితం. బండి షెడ్డు ముందు స్టాండు వేసి గేటు వైపు వెళ్లబోతుంటే పిలిచాను.

"బావా, ఒకసారి ఇలా రా."

బండి పక్కన చతికిలబడి టార్క్ రాడ్డు బోల్టు మీద వేలు పెట్టాను. నిలబడి చెప్పలేనని ముందే తెలుసు.

"ఆ రోజు ఈ నట్టు నేను బిగించలేదు. చేత్తో తిప్పి వదిలేశాను. పిన్ను పెట్టలేదు. అది ఊడి, బ్రేకు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోయింది కాబట్టే చక్రం పట్టేసింది. నువ్వు స్పీడుగా తోలలేదు. నెమ్మదిగా పోతున్నా అదే జరిగేది. అక్కని చంపింది నేను."

రోడ్డు మీద పాలవాడి గంట వినిపించి వెళ్లిపోయింది. తర్వాత ఆయన కూడా వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఎందుకు వదిలేశావు?"

"అక్క టీ తెచ్చింది. లేచి తాగాను. తిరిగొచ్చేసరికి బిగించేశాననుకున్నాను."

"టీ తాగేటప్పుడు ఏం మాట్లాడింది?"

నేను ఎదురుచూసిన ప్రశ్న కాదు. ఆయన కళ్లు ఎలా ఉన్నాయంటే, అన్నం అడిగేవాడి కళ్లు. రెండు నెలలుగా ఆయన దగ్గర లేని అక్క మాటలు నా దగ్గర ఉండిపోయాయి, నేను ఇవ్వనే లేదు.

"నీ గురించే. కొత్త టైరు వేసినా మీ బావ తోలితే ఎద్దుబండే కదరా అంది. వెనక కూర్చుంటే నిద్రొస్తుంది, ఏ రోజో నిద్రలో జారి పడిపోతే మా ఆయన ఇల్లు చేరాకే చూసుకుంటాడు అంది. నవ్వింది. గ్లాసు తీసుకుంటూ, అయినా ఆయన వెనకే నాకు నిశ్చింతరా అంది."

బావ నవ్వాడు. అది నవ్వుగానే మొదలైంది. తర్వాత రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, ఆగస్టు నుంచి ఎవరి ముందూ ఏడవనంతా ఏడ్చాడు. నేను ఆయన్ని ముట్టుకోలేదు. ముట్టుకునే హక్కు లేదు.

మొహం తుడుచుకుని అడిగాడు, "నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన నెల. బండి విప్పినప్పుడు."

అని, తల ఎత్తలేకపోయాను. ఇంత చెప్పినవాణ్ణి ఇక్కడ కూడా అబద్ధం ఆడాను.

"కాదు బావా. హాస్పిటల్లోనే. నువ్వు రాయిలాగా పట్టేసిందని అన్నప్పుడే. అది తెలిసే నీ కాలరు పట్టుకున్నాను."

ఆయన నన్ను అలాగే చూశాడు. నట్టు గురించి చెప్పినప్పుడు అలా చూడలేదు.

"నట్టు మర్చిపోతారు. నేనూ ఒకసారి పుస్తకంలో పేజీలు తలకిందులుగా కుట్టేశాను. అది చేతి తప్పు. కానీ రెండు నెలల నుంచి ప్రతి వారం ఆ గేటు దగ్గర నన్ను చూస్తున్నావు కదరా," అన్నాడు. అంతకంటే గట్టిగా అనలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

లేచి నిలబడ్డాడు.

"విప్పు. విప్పి మళ్లీ నా ముందు బిగించు."

పిన్ను లాగాను, నట్టు విప్పాను. విప్పిన నట్టుని అలవాటుగా బోల్టుకి తొడగబోతే, "చేతిలో పెట్టుకో," అన్నాడు. అరచేతిలో పెట్టుకుని చూపించాను. మళ్లీ తొడిగాను, స్పానరు వేసి కదలనంత బిగించాను. కొత్త పిన్ను దూర్చి కాళ్లు విడదీశాను. అప్పుడు నా చేతిలోంచి స్పానరు తీసుకుని ఆయనే నట్టుకి వేసి గుంజాడు. కదల్లేదు. పిన్నుని వేలితో లాగి చూశాడు. స్పానరు సీటు మీద పెట్టాడు. జేబులోంచి తాళం తీసి దాని పక్కన పెట్టాడు. కవరుని నాలుగు ముక్కలు చేశాడు.

అమ్మ గుమ్మంలో కుర్చీ మీద ఉంది. ఆయన ఈసారి గేటు బయట ఆగలేదు.

"అత్తయ్యా, మా అమ్మాయిని తీసుకెళ్తున్నాను."

అమ్మ ఆయన్ని కాదు, నన్ను చూసింది.

"చెప్పేశానమ్మా," అన్నాను.

అమ్మ కుర్చీ లాక్కుని పక్కకి జరిగింది. ఆయనకి దారి ఇచ్చి, నాకేసి చూడకుండా గోడ వైపు తిరిగింది.

పాప స్కూలు సంచీ బావ భుజానికి, బట్టల సంచీ చేతిలో. పాప అంచు దింపిన గౌను వేసుకుని గెంతుకుంటూ వచ్చి నేరుగా బండి దగ్గర నిలబడింది.

"బండి మీద పోదాం నాన్నా!"

"నడుద్దాం తల్లీ."

"చాలా దూరం కదా?"

"నడుద్దాం."

బండి వైపు ఆయన చూడలేదు. పాప వెనక్కి తిరిగి "మావయ్యా, టాటా" అంది. ఆయన చేయి పట్టుకుని, రోడ్డుకి ఎడమ పక్కన, లోపలి వైపుకి పాపని మార్చుకుని నడిచాడు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండయింది. లోపల మిషను చప్పుడు లేదు. స్పానరూ తాళమూ ఇంకా సీటు మీదే ఉన్నాయి, తీయబుద్ధి కాలేదు.

నాలుగు కిలోమీటర్లు. పాప అంత దూరం ఎక్కడ నడవగలదు. ఏ మలుపు దగ్గరో ఎత్తుకునే ఉంటాడు.